నూటపదమూడో మెట్టు

మేస్త్రీ కొత్త రాయి మీద సుత్తితో రెండు దెబ్బలు వేసి, అరచేత్తో ఊపి చూశాడు. కదల్లేదు. నిన్నటి వానకు కొండవాలు మట్టి జారి రెండు మెట్ల మధ్య మోకాలిలోతు గొయ్యి పడితే, పొద్దున్నే వచ్చి మధ్యలో ఇంకో మెట్టు వేశాడు. మూడు వైపులా సముద్రం, నెత్తిన పక్షులు. దూరదూరాల నుంచి జనం వచ్చి చూసిపోయే ఈ పార్కులో పందొమ్మిదేళ్లుగా అతను చూసినవి మెట్లే. వేళ్ల సందుల్లో సిమెంటు ఒరిసి చర్మం నెర్రెలు విచ్చింది.

ఆ మెట్ల మీద దర్జాగా దిగేవాడు గైడు. మేస్త్రీకి తోడల్లుడు, వరసకు తమ్ముడు. ఇస్త్రీ చొక్కా, నున్నటి మాట. సందర్శకుల పుస్తకం నిండా అతని పొగడ్తలే. మేస్త్రీ రోజూ ఆ పుస్తకం తిరగేస్తాడు. మెట్ల గురించి ఒక్క ముక్క ఉండదు. సొమ్మొకడిది, సోకొకడిది. ఇంటికి వెళితే భార్య కూడా "మా మరిది మాట్లాడుతుంటే వినబుద్ధేస్తుంది" అంటుంది. ఆ ఉద్యోగం తనకిమ్మని మేస్త్రీ పార్కు అధికారికి రెండుసార్లు అర్జీ పెట్టుకున్నాడు. గైడు కబుర్లన్నీ పొంచి విని కంఠతా పట్టాడు కూడా.

గైడు రోజూ గేటు దగ్గర ఒకటే అడుగుతాడు. మేస్త్రీకి అది వెటకారంగా తోచి ఒళ్లు మండేది. ఈ పొద్దున కూడా అడిగాడు.

"అన్నయ్యా, మలుపుదాకా ఎన్ని మెట్లు?"

"నూటపన్నెండు. రోజూ ఉన్నవే."

"వానకేం జారలేదుగా?"

"జారితే నేను లేనూ?"

పదింటికి గైడు ఇరవైమందిని వెంటబెట్టుకుని, పక్షుల కథలు చెబుతూ దిగాడు. నూటపన్నెండు కాగానే మలుపు దగ్గరి చదును వచ్చిందనుకుని ధీమాగా కాలు చాచాడు. అక్కడ ఇంకో మెట్టుంది. బోర్లా పడ్డాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కనే నిలబడి చూస్తున్న మేస్త్రీ కడుపు చల్లబడింది. దాచడమెందుకు, బాగా చల్లబడింది.

లేపుదామని చెయ్యి అందించాడు. గైడు చెయ్యి దాని పక్కనే గాలిలో తడుముకుంది.

"ఒకటి ఎక్కువుంది కదన్నయ్యా" అన్నాడు గైడు మెల్లగా. "చూపు మసకబారి రెండేళ్లయింది. నువ్వు చెప్పే లెక్క మీదే దిగుతున్నాను. ఎవరికీ చెప్పకు."

చెప్పాల్సిన పని లేకపోయింది. వెనకే వచ్చిన అధికారి అంతా విన్నాడు.

మధ్యాహ్నం సామాన్ల జీపులో గైడు వెళ్లిపోయాడు. మోకాలికి కట్టు ఉంది. మేస్త్రీ ఎదురుపడలేక షెడ్డు వెనక ఇసుక జల్లిస్తూ నిలబడ్డాడు. జీపు చప్పుడు దూరమయ్యాక అధికారి వచ్చి, "రేపట్నించి జనాన్ని నువ్వే తీసుకెళ్లు. వాడి గదిలో సామానుంది, చూసుకో" అన్నాడు. ఇన్నేళ్లు కోరుకున్న మాట. మేస్త్రీకి తల ఎత్తబుద్ధి కాలేదు.

గదిలో మేకుకు గైడు బైనాక్యులర్ వేలాడుతోంది. మెడపట్టీ రోజూ వేసుకుని వేసుకుని నునుపు తేలింది. అద్దాల మీది మూతలు మాత్రం ఉప్పు పేరుకుని, గోటితో ఎంత లాగినా ఊడి రాలేదు.