పొద్దున్నకల్లా బ్యాటరీ డౌన్

శ్రీరామ్మూర్తి పోర్టులో స్టోర్‌కీపరు. ఇరవై రెండేళ్లుగా తాళాలతోనూ రిజిస్టర్లతోనూ కాపురం చేస్తున్న మనిషి. గోడౌనులో ఒక్క బోల్టు తగ్గినా గేటు దాటే ప్రతివాడి జేబు వంకా చూసే అలవాటు ఆయనది. ఆ అలవాటు ఆయనతోపాటు ఇంటికి కూడా వచ్చేది.

పంతొమ్మిది వందల ఎనభై రెండులో ఆయన ఒక పాత ఫియట్ కారు కొన్నాడు. రిటైరై ఊరెళ్లిపోతున్న ఒక ఇంజినీరుగారి కారు అది. పాతికేళ్ల బండి అయినా పెయింటు ఎక్కడా చెక్కుచెదరలేదు. ఒక్క ఎడమవైపు తలుపుకున్న చిన్న కిటికీ అద్దం గడియ మాత్రం విరిగిపోయింది. అది తోసి చెయ్యి లోపలికి పెడితే ఎవరైనా తలుపు తీయొచ్చు. ఆ కారుకి, ఓడ దిగిన వాళ్ల దగ్గర దొరికిన జపాను రేడియో ఒకటి సంపాదించి పెట్టించాడు. క్యాసెట్టు కూడా వేసుకోవచ్చు. పాట బాగా గట్టిగా వినపడాలని సీటు కింద బూస్టరు పెట్టె కూడా బిగించమన్నాడు.

బిగించినవాడు కాన్వెంట్ జంక్షన్ దగ్గర కార్ల కరెంటు పని చేసే తవిటయ్య.

"తాళం చెవి పెట్టకపోయినా పాట రావాలి తవిటయ్యా. బీచి దగ్గర ఆపుకుని వింటాం" అన్నాడు శ్రీరామ్మూర్తి.

"అలాగయితే తీగ నేరుగా బ్యాటరీకే ఇవ్వాల బాబూ. దిగీటప్పుడు మీరే అన్నీ ఆపుకోవాల" అన్నాడు తవిటయ్య.

రెండు నెలలు కారు పాడుకుంటూ తిరిగింది. వానాకాలం మొదలైన దగ్గర్నుంచి జబ్బు పట్టుకుంది. సాయంత్రం బాగున్న బండి తెల్లారేసరికి కదలదు. తాళం తిప్పితే టిక్కుమని ఒక్క చప్పుడు, అంతే. కంచరపాలెం వీధిలో నలుగురూ పట్టి తోస్తే గానీ పోర్టుకి వెళ్లడం కుదిరేది కాదు. తవిటయ్య రెండుసార్లు బ్యాటరీ ఛార్జింగు పెట్టాడు. రెండు రోజులు తిరిగేసరికి మళ్లీ అదే వరస.

శ్రీరామ్మూర్తికి అనుమానం వచ్చింది. తాళం చెవి అక్కర్లేకుండా పాట వచ్చే కారు. చెయ్యి పెడితే తెరుచుకునే తలుపు. ఎవరో లోపల కూచుని రేడియో వింటున్నారు! ఎవరై ఉంటారా అని వెతకడానికి ఎంతో దూరం పోనక్కర్లేకపోయింది. పక్క వాటాలో అద్దెకున్న దొరబాబు ఉన్నాడు కదా.

దొరబాబుది పిఠాపురం వైపు. స్టీలు ప్లాంటు పనుల్లో ఫోర్‌మన్. షిఫ్టు డ్యూటీ కాబట్టి ఏ వేళప్పుడైనా ఇంట్లో ఉంటాడు, ఏ వేళప్పుడైనా బయటికి వెళతాడు. పైగా ఒకరోజు స్నానం చేస్తూ, కారులో ఉన్న క్యాసెట్టులోని పాటే కూనిరాగం తీశాడు. ఆ పాట వీధి వీధంతా విన్నదేనన్న సంగతి శ్రీరామ్మూర్తికి తట్టలేదు.

ఆయన కారు తలుపు పిడికీ పక్కనున్న రేకుకీ కలిపి నల్ల దారప్పోగు ఒకటి కట్టాడు. మర్నాడు దారం అలాగే ఉంది, బ్యాటరీ మాత్రం డౌనైపోయింది. అద్దంలోంచే చెయ్యి పెట్టి రేడియో తిప్పాడేమో అనుకున్నాడు. మూడో రోజు దారం తెగి ఉంది. ఇంకేం కావాలి! కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ దొరబాబు దగ్గరికి నేరుగా వెళ్లాడు.

"దొరబాబూ, పాటలినాలని ఉంటే నన్నడగాల గానీ, దొంగతనంగా కారులో కూకోడమేటి?"

దొరబాబు బిందె కింద పెట్టాడు. "నేనాండి? మీ కారు తలుపు మీద చెయ్యి కూడా వెయ్యలేదండి."

"దారం తెగింది. నాను కట్టిన దారం."

"దారాలు కట్టారాండి మా మీద?"

దొరబాబు భార్య నాగమణి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ సాయంత్రమే ఇద్దరూ పెట్టె పట్టుకుని పిఠాపురం బయల్దేరారు.

గొడవ సద్దుమణిగాక శ్రీరామ్మూర్తి భార్య తాయారు మెల్లిగా అడిగింది. "ఆ దారమేటో నాకు సెప్పకూడదా? వానొత్తందని నిన్న కారులోంచి గొడుగు తీసుకున్నాను."

ఆయన విననట్టు చెప్పులేసుకుని వీధిలోకి నడిచాడు.

వాళ్లు వెళ్లిన మూడో రోజు పొద్దున్న కారు మళ్లీ చచ్చిపడి ఉంది. పక్క వాటాకి తాళం వేసి ఉంది. దొరబాబు పిఠాపురంలో ఉన్నాడు.

అప్పుడు అనుమానం తవిటయ్య మీదికి మళ్లింది. ఛార్జింగు పేరుతో మంచి బ్యాటరీ తీసుకుని పాతది అంటగట్టాడేమో! కానీ కొన్న రోజునే తను బ్యాటరీ పక్కగోడ మీద మేకుతో గీసిన గీత అలాగే ఉంది. అయినా వదలకుండా, తవిటయ్యని ఇంటికే పిలిపించి, చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు.

తవిటయ్య అన్నీ ఆపి, బ్యాటరీ మీద ఒక తీగ ఊడదీసి, తీగకీ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు పెట్టాడు. బల్బు మినుకుమినుకుమని వెలిగింది.

"సూడండి. అన్నీ ఆపినా ఎలుగుతోంది. ఎక్కడో కరెంటు తాగేత్తంది బాబూ."

రేడియో తీగ పీకాడు. బల్బు ఆరలేదు. హారను, లైట్ల ఫ్యూజులు ఒక్కొక్కటే తీశాడు. ఆరలేదు. చివరికి సీటెత్తి బూస్టరు తీగ లాగాడు. బల్బు టక్కున ఆరిపోయింది.

"దీని మీద సెయ్యెట్టండి."

శ్రీరామ్మూర్తి పెట్టాడు. పెట్టె గోరువెచ్చగా ఉంది.

"దీనికి వేరే స్విచ్చుంది గదా. మీరు రేడియో ఆపుతన్నారు గానీ దీన్ని ఆపట్లేదు."

"దీని ఎర్ర లైటు ఎలగదే. ఆగిపోయిందనుకున్నాను."

"ఆ లైటు ఈ వానల్లోనే మాడిపోయినట్టుంది బాబూ. పెట్టె మాత్రం రాత్రల్లా తాగుతానే ఉంది." తవిటయ్య చేతులు తుడుచుకుంటూ ఆయన మొహంలోకి చూశాడు. "బ్యాటరీ మీద గీత గీసినారు. నాను సూసినాను."

శ్రీరామ్మూర్తి వంగి, ఎత్తిన సీటు తనే కిందికి దించాడు.

దొరబాబు తిరిగొచ్చిన రోజు, ఆయన ఆఫీసు మానేసి మరీ గుమ్మంలో కాచుకున్నాడు. జరిగిందంతా చెప్పాడు. బూస్టరు సంగతి, గొడుగు సంగతి, ఏదీ దాచలేదు. "తప్పు నాదే బాబూ. మనసులో ఎట్టుకోకు" అన్నాడు.

"అడిగుంటే నేనే మీతో పాటు కూచుని వెతికేవాణ్ణండి" అన్నాడు దొరబాబు. కోపంగా అనలేదు. "గాజువాకలో ఇల్లు చూసుకున్నామండి. ప్లాంటుకి దగ్గరండి."

ఎంత బతిమాలినా వాళ్లు ఆగలేదు. ఆదివారం సామాను మోయడానికి కారు తెస్తానని శ్రీరామ్మూర్తి పట్టుబట్టాడు. దొరబాబు మొహమాటపడి సరేనన్నాడు. డిక్కీలో మూటలు, పైన కట్టిన మంచం, వెనక సీటులో నాగమణి.

కొత్త ఇంటి ముందు సామాను దింపాక శ్రీరామ్మూర్తి చెమట తుడుచుకుంటూ కారుకి ఆనుకుని నిలబడ్డాడు. నాగమణి మూటల దగ్గర వంగి, ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కపెట్టింది. ఆయన వంక ఒకసారి చూసి, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

"ఏవండీ," అని భర్తని పిలిచింది. "ఆ డిక్కీలో ఇంకేం లేదు కదా? మీరే ఒకసారి చూడండి."

శ్రీరామ్మూర్తి తనే వెళ్లి డిక్కీ మూత పూర్తిగా పైకెత్తి, పక్కకి తప్పుకున్నాడు.