మూడో సొరంగం

కొండ మీది సొరంగాల నోళ్లన్నీ మర్నాడు సిమెంటుతో మూసేస్తారని తెలిసిన రోజు నేను చేయాల్సిన పనులు ఇవి: ఆఫీసులో సెలవు అడగాలి. కొండ కాపలాదారుకి ఫోన్ చేసి బతిమాలాలి. రెండు హెల్మెట్లు, ఒక మంచి టార్చిలైటు ఎరువు తేవాలి. అత్తయ్య మోకాళ్లకు పట్టీలు కొనాలి. ఎండ ముదరకముందే ఆవిడను పైకి చేర్చాలి. మూడో సొరంగం ఎక్కడుందో కనిపెట్టాలి. ఇదంతా అమ్మకు తెలియకుండా జరగాలి, ఎందుకంటే ఆవిడ ఇంట్లో ఆ కొండ మాటే ఎత్తనివ్వదు.

ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. రెండు కుటుంబాల్లోనూ డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. గ్యాస్ కనెక్షన్ నుంచి ఆసుపత్రి కాగితాల దాకా అందరిదీ ఒకటే మాట, చదువుకున్నదానివి కదా అని. నేను చదివింది చరిత్ర. కొండల గురించి నాకేం తెలుసు?

మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, గని నడిచిన రోజుల్లో సొరంగాల కప్పు కింద కర్ర దిమ్మలు నిలబెట్టేవాడు. అందరికీ ఆయన దిమ్మల మామ. నేను పుట్టకముందు ఒకరోజు కప్పు కూలింది. ఆయన లోపలే ఉండిపోయాడు. తవ్వి తీయడం కుదరదని కంపెనీ చేతులెత్తేసింది. ఇంటివాళ్లను కొండ ఎక్కనివ్వలేదు. మూడో సొరంగం అన్న ఒక్క ముక్కే అత్తయ్యకు చెప్పారు. గని మూతపడ్డాక చుట్టూ కంచె వేశారు. కంచె తీసేసరికి అత్తయ్య మోకాళ్లు పనికిరాకుండా పోయాయి.

తర్వాత సెలవు రోజుల్లో సుత్తులు, జల్లెడలు పట్టుకుని రంగురాళ్లు ఏరేవాళ్లు రావడం మొదలైంది. వాళ్ల కోసం పైదాకా రోడ్డు వేశారు. వాళ్లలో ఒకతను గోతిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. మనిషి లోపల ఉండిపోయినప్పుడు తట్టెడు సిమెంటు రాని కొండకు, కాలు విరిగేసరికి లారీలకు లారీలు వచ్చాయి.

"ఒక్కసారి ఆ నోటి ముందు నిలబడతానే. మూసేశాక గోడతో ఏం మాట్లాడను?" అంది అత్తయ్య. కాదనలేకపోయాను.

రోడ్డు చివర కారు దిగాం. అక్కడ రాళ్లవాళ్లు పెట్టిన బోర్డు మీద సొరంగాలన్నిటికీ నంబర్లున్నాయి. మూడోది దగ్గరే. అత్తయ్యను నోటి దగ్గర నీడలో కూర్చోబెట్టి, కూలిన చోటు కోసం లోపలికి వెళ్లాను. మధ్యాహ్నం దాకా ప్రతి పాయలోనూ పాకాను. గోడల మీద మంచి రాళ్లు ఇటు అని సుద్దతో బాణాలు. కాళ్ల కింద పిండిలాంటి దుమ్ము. కూలిన చోటు మాత్రం ఎక్కడా లేదు. ఒళ్లంతా దుమ్ముతో, ఒళ్లు మండిపోతూ బయటికొచ్చాను.

అత్తయ్య నా బూట్లకేసి చూసి, లోపల నీళ్లు లేవా అని అడిగింది. చుక్క లేదన్నాను. మామయ్య రోజూ మోకాళ్ల దాకా తడిసి వచ్చేవాడనీ, బట్టలు ఆరక ఇంట్లో రోజూ గొడవేననీ చెప్పింది.

నీళ్లు చేరేది కొండ అడుగునే కదా అనుకుంటుంటే నా కళ్లు రోడ్డు మీద పడ్డాయి. తారు ఇంకా నల్లగా ఉంది. ఆ రోజుల్లో ఈ రోడ్డే లేదు. పనివాళ్ల ఇళ్లన్నీ కింద ఉండేవి. వాళ్లు కింది నుంచి ఎక్కేవాళ్లు, కింది నుంచే లెక్కపెట్టుకునేవాళ్లు. బోర్డు రాసినవాళ్లు కారు దిగిన చోటి నుంచి లెక్కపెట్టారు. సగం రోజు నేను పాకింది వేరే ఎవరిదో సొరంగంలో.

"ఆ మాత్రం ముందే ఆలోచించొద్దటే?" అంది అత్తయ్య.

ఆవిడ బరువంతా నా భుజం మీద వేసుకుని దిగాం. అడుగున మొదటిది, రెండోది కనిపించాయి. మూయడానికి వాటికి ఎర్ర రంగు గుర్తు పెట్టారు. వాటి పైన మూడోది ఉండాల్సిన చోట పెద్ద రాళ్లగుట్ట ఉంది. పై సొరంగాల్లో రాళ్లవాళ్లు పగలగొట్టిన పనికిరాని రాళ్లన్నీ ఏళ్ల తరబడి కిందికి తోసేశారు. మూడో సొరంగం దాని కింద ఉంది. మూయడానికి నోరే లేదు కాబట్టి దానికి గుర్తు కూడా పెట్టలేదు.

గుట్ట మీద ఒకాయన జల్లెడ పడుతున్నాడు.

"అక్కడ నిలబడకండమ్మా, అది నేను పట్టుకున్న చోటు."

సంగతి చెప్పాను. పాపం, టోపీ తీశాడు. మరుక్షణమే, అయితే ఈ గుట్ట తీసేస్తారా అని అడిగాడు. ఆ జల్లెడ లాక్కుని విసిరేద్దామనిపించింది.

అత్తయ్య మాత్రం ఏం దొరికాయి నాయనా అంది. ఆయన అరచేతిలో ఊదారంగు పలుకులు చూపించాడు.

"ఇవా? మా ఆయన బూట్లకు అంటుకొచ్చేవి. రోజూ చిమ్మి పారబోసేదాన్ని."

ఆయన జల్లెడ తీసుకుని దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

అత్తయ్య గుట్ట ముందు నిలబడింది. ఒకసారి ఎడమకు తిరిగింది, ఒకసారి కుడికి. తర్వాత నావైపు చూసింది.

"ఎటు తిరిగి నిలబడనే?"

నాకు తెలియదు. తెలుసుకోవడానికి దారీ లేదు. అయినా తెలిసినదానిలా చెయ్యి చాపి, ఇటు అత్తయ్యా అన్నాను. ఆవిడ నా మాట నమ్మి అటే తిరిగి నిలబడింది. ఎండ వాలేదాకా పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఏం చెప్పుకుందో నాకు వినపడలేదు.

అక్కడ ఆయన పేరుతో చిన్న పలకైనా పెట్టమని మర్నాడు గనుల శాఖ ఆఫీసులో అడిగాను. ఆ సొరంగం తమ పటంలోనే లేదన్నారు. మళ్లీ వెళ్లి అడిగాను, మళ్లీ అదే మాట. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరెప్పుడైనా రంగురాళ్ల కోసం ఆ కొండకు వెళ్లి ఆ గుట్ట మీద కూర్చుంటే, ఎంతోమందిని తను నిలబెట్టిన దిమ్మల కింద నుంచి ఇళ్లకు పంపిన దిమ్మల మామను ఒక్కసారి తలుచుకోండి. ఎటు తిరిగి అయినా సరే.