ముందుగా వందన సమర్పణ

గ్రంథాలయం మేడమీది హాలులో నెలనెలా జరిగే సభకు జనం బాగానే వస్తారు. చరిత్ర అన్నా, కవిత్వం అన్నా, పాత కట్టడాల సంగతులన్నా చెవి కోసుకునేవాళ్లే అందరూ. ఎటొచ్చీ "ఇప్పుడు వందన సమర్పణ" అని మైకులో వినపడిందో లేదో, కుర్చీల చప్పుడు మొదలవుతుంది. చెప్పుల దగ్గర తోపులాట. ఆ ఖాళీ కుర్చీలకు ఏళ్ల తరబడి ధన్యవాదాలు చెబుతూ వచ్చిన ఘనత ఒకావిడది. అందరూ ఆవిడను వందనాలమ్మ అంటారు. ఆవిడ ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు. వక్తకూ, అధ్యక్షుడికీ, మైకు పెట్టినాయనకూ, చివరికి కరెంటు తియ్యనందుకు కరెంటాఫీసుకూ వందనాలు చెప్పి, లైట్లు ఆర్పి ఇంటికి పోయేది.

ఈసారి మాత్రం ఆవిడకు కాలు నిలవడం లేదు. మూడో వరసలో తోటికోడలు కూర్చుని ఉంది. ఆవిడ ఈ హాలుకు రావడం ఇదే మొదలు. మంచం పట్టిన అత్తగారిని ఒంటరిగా వదిలే వీల్లేక, "నువ్వు వెళ్లి వినిరావే, వచ్చి నాకు చెబుదువుగాని" అంటూ ప్రతిసారీ చిన్నకోడలైన వందనాలమ్మను పంపి తాను ఇంట్లో ఉండిపోయింది. ఆమధ్య అత్తగారు పోయారు. ఇప్పుడు పెద్దావిడ కూతురి దగ్గరికి మకాం మార్చేస్తోంది, ఈ సాయంత్రం బస్సుకే. సంచీ కాళ్ల దగ్గరే పెట్టుకుంది. ఉపన్యాసం మధ్యలో లేవకపోతే బస్సు అందదు.

వందనాలమ్మ ఇన్నాళ్లూ వందనం చెప్పాలనుకున్నది ఆవిడకే. ఇంట్లో నోరు తెరిస్తే "చాల్లే సంబడం" అని వంటింట్లోకి పోతుంది. సభలో అయితే వినక తప్పదు. కానీ చివరిదాకా ఉంటేగా!

ఇంతలో కార్యదర్శి చెమటలు కక్కుతూ వచ్చాడు.

"అమ్మా, కొంప మునిగింది. వక్తగారి కారు దారిలో ఆగిపోయిందట. వేరే బండి పట్టుకుని వస్తున్నారు. అందాకా ఈ జనాన్ని ఎలా కూర్చోబెట్టను?"

"వందన సమర్పణ ముందు కానిచ్చేద్దాం," అంది వందనాలమ్మ.

"ఇంకా రాని మనిషికి వందనాలేమిటమ్మా? నవ్విపోతారు!"

"నవ్వనివ్వండి. లేచిపోరు కదా! అసలు ఉపన్యాసం వినకుండా ఎక్కడికి పోతారు?"

మైకు ముందు నిలబడి, అది పనిచేస్తోందో లేదో రెండుసార్లు తట్టి చూసుకుంది. నిండిన కుర్చీలతో మాట్లాడే అలవాటు ఆవిడకు లేదు మరి.

"ఈ హాల్లో నేను వందనం చెప్పనివాళ్లు లేరు. కరెంటాఫీసును కూడా వదల్లేదు," అంది. అందరూ నవ్వారు. "ఒక్క మనిషికే చెప్పలేదు. నేనిక్కడ కూర్చుని రాజుల కథలు వింటుంటే, మా అత్తగారి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషికి. రావాలని నాకెంత ఉందో తనకీ అంతే ఉంది. ఒక్కసారైనా 'ఈ నెల నేను వెళ్తానే' అనలేదు. ఇక్కడ నేను విన్న ప్రతి మాటా తను పెట్టిన భిక్షే. అక్కా, నీకు నా వందనం."

ఒక్క కుర్చీ కదల్లేదు. పెద్దావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ "చాల్లే సంబడం, కూర్చోవే, అందరూ చూస్తున్నారు" అంది. ఆ మాట కూడా అందరికీ వినపడింది. చప్పట్లు ఎంతకీ ఆగలేదు.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన వక్త ఆ చప్పట్లకు కంగారుపడ్డాడు.

"సభ అయిపోయిందా?"

"లేదండి, ఒక్క నిమిషం ఆగండి. వందన సమర్పణ నడుస్తోంది," అన్నాడు కార్యదర్శి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.

ఉపన్యాసం సగానికి వచ్చింది. వందనాలమ్మ తోటికోడలి చెవిలో "బస్సు పోతుందక్కా" అంది.

"పోతే పోనీ. రేపు బస్సు లేదూ? మాట్లాడకు, విననీ."

సభ ముగిసి హాలు ఖాళీ అయ్యాక వందనాలమ్మ సంచీ అందుకుంది.

"ఎలా ఉందక్కా?"

పెద్దావిడ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. "ఆయన బాగానే చెప్పాడు. కానీ అంట్లు తోముతూ నువ్వు చెప్పేదే బాగుండేదే. అక్కడికి వెళ్లాక నాకెవరు చెబుతారు? నెలనెలా ఫోను చేసి చెప్పు," అంది. మెట్లు దిగబోతూ ఆగింది. "వందన సమర్పణతో సహా."