చివరి గొట్టం

మూడో ఫ్లాస్కు కూడా పోయింది. మైక్రోస్కోపులోంచి చూస్తున్న చినత్సుకి కణాలు కుంచించుకుపోయి, పైపొర బుడగలు బుడగలుగా ఉబ్బి, ముక్కలవుతూ కనిపించాయి. అవి ఆమె గురువు ప్రొఫెసర్ కువబర భార్య హిసానో రక్తంలోంచి తీసిన రోగనిరోధక కణాలు. వాటిని కోట్లలో పెంచి తిరిగి ఎక్కించడం తప్ప ఆవిడ కేన్సర్‌కి వేరే దారి లేదు. ఇక మిగిలింది అవే కణాలు గడ్డకట్టించి దాచిన ఒక్క గొట్టం.

"కొత్త సంవత్సరం సెలవులు వీటికీ ఇచ్చేశావట్రా?" అని నిన్నటిదాకా హగివరను ఏడిపించిన ల్యాబువాళ్లు ఇవాళ అతని మొహం చూడటం లేదు. ఫ్లాస్కులు చూసుకునేది అతనే. ఏ క్రిమి అయినా చేరిందేమోనని పరీక్షించారు. చేరలేదు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలకు చిల్లులు పడి, కణాలు తమంతట తామే చావు మొదలుపెట్టాయి. ఈ కణాలకి బతకమని ఎవరో చెబుతూనే ఉండాలి. చెప్పేది పెంపు ప్రోటీన్. అది అందకపోతే కణం లోపల్నుంచే చావు కబురు పుడుతుంది.

ప్రోటీన్ రోజూ వేశానని హగివర చెప్పాడు. చినత్సు నమ్మింది. రోజూ వేసినా కణాలు చచ్చాయంటే ఆ ప్రోటీనే పాడై ఉండాలి.

ఏడాది చివర ల్యాబంతా గుడ్డలు పట్టుకుని శుభ్రం చేసే రోజున, ప్రొఫెసర్ ఎప్పటిలాగే అందరికంటే మోటుపని తను తీసుకున్నాడు. ఫ్రీజరులో పేరుకున్న మంచు గీకాడు. అందులోంచి తీసిన ప్రోటీన్ పెట్టె హీటరు పక్క బల్లమీద సాయంత్రం దాకా ఉండిపోయింది. చినత్సు చూసింది. గురువుకి తప్పు చూపించడమేమిటని ఊరుకుంది.

ఇప్పుడు హగివర నడుము వంచి, తప్పంతా తనదేనన్నాడు. ఏ తప్పో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ప్రొఫెసర్ తలూపి చివరి గొట్టం తెప్పించాడు. అదే పెట్టెలోంచి ప్రోటీన్ తీస్తున్నాడు. పొద్దున హిసానో రెండు నారింజ తొనలు తిన్నదని అందరికీ చెప్పాడాయన.

"గొట్టం కరిగించకండి గురువుగారూ. ఆ ప్రోటీన్ పాడైపోయింది. కొత్తది వచ్చేదాకా ఆగుదాం," అంది చినత్సు.

ఆగేంత వ్యవధి హిసానోకి ఉందో లేదో ఇద్దరికీ తెలియదు.

"ఎవరు పాడుచేశారు?" అన్నాడు ప్రొఫెసర్.

హగివర ఇంకా వంగే ఉన్నాడు.

"మంచు గీకిన రోజు దాన్ని బయట వదిలేసింది మీరు," అంది చినత్సు. "చూసి ఊరుకున్నది నేను."