కోడి నొక్కని మీట

నేనొక చెక్కపెట్టెను, కోళ్లగూడును మాత్రం కాను. ఈ ముక్క మొదటే చెప్పేయడం మంచిది. విజయనగరంలో నన్ను రిక్షా మీద తెస్తుంటే దారి పొడవునా జనం నన్ను గూడనే అనుకున్నారు. నాకు ఒకవైపు గాజు పలక, లోపల ఒక ఎర్ర మీట, పైన నూకల డబ్బా ఉంటాయి. మీట నొక్కితే డబ్బా అడుగున చిన్న రంధ్రం తెరుచుకుని నాలుగు నూకలు గిన్నెలో పడతాయి. నా ప్రతిభంతా అంతే.

నేనెందుకో నన్ను చేసిన వడ్రంగి వీరాచారికి చివరిదాకా అర్థం కాలేదు. చేయించిన కనకలత గారికి మాత్రం బాగా తెలుసు. ఆవిడ డిగ్రీ కాలేజీలో మనస్తత్వశాస్త్రం లెక్చరర్. ఆ విభాగమంతటికీ ఆవిడొక్కరే. మనసులో ఏముందో ఎవరికీ కనబడదు, చేసే పని కనబడుతుంది, కాబట్టి దాన్నే చూడాలి, దాన్నే కొలవాలి అన్నది ఆవిడ పాఠం. ఒక పని చేసిన వెంటనే మంచి ఫలితం దొరికితే ఆ పని మళ్లీ చేస్తాం. కోడైనా అంతే, మనిషైనా అంతే అనేవారు. "మనిషైనా" అన్నచోట విద్యార్థులు నవ్వేవారు.

ఆ ఏడు తనిఖీ కమిటీ వస్తుందన్నారు. ప్రయోగం చూపించలేని విభాగాన్ని ఎత్తేస్తారని, ఎత్తేస్తే కనకలత గారు లైబ్రరీలో పుస్తకాలకు చీటీలు అంటించుకోవాల్సిందేనని ప్రిన్సిపాల్ ముందే చెప్పేశారు. ఆవిడ చేతిలో నెల రోజులున్నాయి, నేనున్నాను, కోడే లేదు. అటెండర్ అసిరయ్య తన ఇంటి పెట్టను చంకలో పెట్టుకుని తెచ్చాడు. దాని పేరు సుందరి.

సుందరికి మీట నొక్కడం ఒక్కరోజులో రాలేదు. మొదట మీట వైపు చూస్తే చాలు, కనకలత గారు డబ్బాకు కట్టిన దారం లాగి నూకలు పడేసేవారు. రెండో రోజు చూపు సరిపోలేదు, ఒక అడుగు కూడా వేయాల్సి వచ్చింది. ఆ తర్వాత ముక్కు తగలాలి. రెండు వారాలయ్యేసరికి సుందరి టైపిస్టులా నొక్కసాగింది. ఒక్కటే చిక్కు. ఏదో దురద పుట్టి అది ఎడమకాలు ఎత్తిన క్షణంలోనే ఓసారి నూకలు పడ్డాయి. ఆనాటి నుంచి కాలెత్తనిదే అది మీట ముట్టలేదు.

"మా బావా అంతేనండమ్మా," అన్నాడు అసిరయ్య. "గేలం ఏసేముందు నీల్లల్లో మూడుమార్లు ఉమ్ముతాడు. ఓపాలి అలా ఉమ్మినప్పుడు సేప పడింది మరి."

కనకలత గారు ఆ మాటను కూడా నోటుపుస్తకంలో రాసుకున్నారు.

తనిఖీ రోజు పొద్దున్నే వాన కురిసి, పెంకు సందులోంచి కారిన నీళ్లకు నా డబ్బాలో నూకలు ముద్దైపోయాయి. అసిరయ్య కంగారులో, అతిథులకు టీతో పెట్టడానికి తెచ్చిన వేయించిన బఠానీలు నాలో పోశాడు. నా రంధ్రం నూకల కొలతకు చేసింది. బఠానీ ఓసారి జారుతుంది, రెండు మూడుసార్లు ఇరుక్కుంటుంది. ఎప్పుడు జారుతుందో నాకే తెలియదు.

కమిటీ అధ్యక్షులు విరూపాక్షరావు గారు నవ్వితే హోదా తగ్గుతుందేమో అన్నట్టుండే మనిషి. ఇద్దరు సభ్యులతో వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. సుందరిని లోపల పెట్టారు. అది మీట వంక చూడనైనా లేదు. మూలకు పోయి, రెక్కలు సర్దుకుని కూర్చుంది. పది నిమిషాలు గడిచాయి. కనకలత గారు చేతిలోని సుద్దముక్కను పొడి చేసేశారు.

"గుడ్డెడతందండి," అన్నాడు అసిరయ్య మెల్లగా.

నిజమే. గుడ్డు పెట్టి, నా తలుపు తీయగానే గంభీరంగా బయటికి నడిచి వెళ్లిపోయింది.

అసలు పెట్టె పనిచేస్తుందా అంటూ అధ్యక్షుల వారు తలుపులోంచి చేయి పెట్టి మీట నొక్కారు. ఏమీ పడలేదు. మళ్లీ నొక్కారు. ఒక బఠానీ పడింది. దాన్ని నోట్లో వేసుకుని మళ్లీ నొక్కారు. ఆరోసారి నొక్కబోతుంటే దగ్గొచ్చింది, రెండు బఠానీలు పడ్డాయి. అక్కణ్నుంచి దగ్గి మరీ నొక్కసాగారు. పక్కనున్న సభ్యుడు ఇంకాస్త గట్టిగా దగ్గమని సలహా ఇచ్చాడు. రెండో సభ్యుడు నా నెత్తిన చరిచాడు. టీ చల్లారిపోయింది. వృక్షశాస్త్రం వాళ్లు ఎదురుచూస్తున్నారని ప్రిన్సిపాల్ రెండుసార్లు వచ్చి చెప్పినా అధ్యక్షుల వారు "ఈ ఒక్కసారే" అన్నారు.

కనకలత గారికి ముందు ఏడుపొచ్చింది. తర్వాత ఆవిడ తెల్లదీ ఎర్రదీ రెండు కొత్త సుద్దముక్కలు తీసుకుని, బోర్డు మీద గీతలు గీయడం మొదలుపెట్టారు. నొక్కినప్పుడల్లా ఒక గీత, బఠానీ పడితే దాని మీద సున్నా. బోర్డు సగం నిండాక గొంతు సవరించుకున్నారు.

"సార్, తమరు ముప్పై ఎనిమిది సార్లు నొక్కారు. పన్నెండుసార్లే పడింది. ప్రతిసారీ పడి ఉంటే, పడడం మానగానే తమరు చేయి తీసేసేవారు. ఎప్పుడు పడుతుందో తెలియదు కాబట్టి వదల్లేకపోతున్నారు. నేను కోడితో చూపించాలనుకున్నది ఇదే శాస్త్రమండీ."

అధ్యక్షుల వారు చేయి బయటికి తీసి, రుమాలుతో తుడుచుకుని, బోర్డును చాలాసేపు చూశారు.

"ఆ దగ్గు కూడా లెక్కలోకి వస్తుందా అమ్మా?" అని అడిగారు.

"ఎర్ర సుద్దతో గీసినవి అవేనండి."

ప్రయోగం తృప్తికరంగా జరిగిందని, పాల్గొన్నవారు చక్కగా సహకరించారని నివేదికలో రాశారు. పాల్గొన్నది ఎవరో రాయలేదు. విభాగం నిలబడింది.

తర్వాత ప్రయోగశాలకు కంప్యూటర్లు వచ్చాయి, నన్ను గాజు అలమారా పక్కన పెట్టారు. డబ్బా ఖాళీ అయి ఏళ్లయింది. ఫలితం ఆగిపోతే అలవాటు కూడా మెల్లగా ఆరిపోతుందని శాస్త్రం చెబుతుందట. కనకలత గారు ఆ పాఠం ఎన్నో బ్యాచ్‌లకు చెప్తుంటే నేను విన్నాను. పదవీ విరమణ రోజు సన్మానం ముగించుకుని, మెడలో దండతోనే ఆవిడ నా దగ్గరికి వచ్చారు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని మీట నొక్కారు. ఏమీ పడలేదు. మళ్లీ నొక్కారు. అప్పుడూ పడలేదు.

ఆవిడ కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చుని, మళ్లీ మీట మీద చేయి వేశారు.