ఫైల్లో ఉన్న మూడు వందల ఎనభై

డాన్యూబ్‌లో కలిసే ఆ చిన్న నది పొంగి నలుగురిని పొట్టన పెట్టుకున్న తొమ్మిదో రోజున, విచారణ తేల్చినదానికి మనసొప్పక, వరద హెచ్చరికల ఆఫీసులో ప్రోగ్రాములు రాసే స్నెజానా సైరన్ హద్దు ఉండే ఫైలు తెరిచి చూసింది. అందులో ఒకే అంకె ఉంది: 380. మార్చిన తేదీ వరదకు పదకొండు రోజుల ముందుది.

నీటిమట్టం సెంటీమీటర్లలో ఆ అంకె దాటితే సైరన్ మోగాలి. డేటాబేస్‌లోని ప్రొసీజర్ అనే చిన్న ప్రోగ్రాం నిమిషానికోసారి ఫైలు చదివి, అంకెను నదితో పోల్చి చూస్తుంది. కోడు జోలికి పోకుండా ఇంజనీర్లే హద్దు మార్చుకునేలా ఏడేళ్ళ కిందట ఈ ఏర్పాటు చేసింది స్నెజానాయే. కరకట్ట కుంగిందని ఇంజనీరు దిమో హద్దును ఆరు వందల నుంచి మూడు వందల ఎనభైకి తగ్గించాల్సి ఉంది. సైరన్ మాత్రం ఆరు వందలు దాటాకే మోగింది. దిమో మరిచాడని విచారణ సంఘం తేల్చింది. ముసలాయన తన జ్ఞాపకాన్ని తానే నమ్మలేక తప్పు తనదేనని సంతకం పెట్టేశాడు. పోయినవాళ్ళలో ఆయన సొంత అక్క ఒకరు.

మార్చిలో సర్వర్ మార్చినప్పుడు, ఆ ఫోల్డరు చదివే అనుమతి డేటాబేస్‌కు ఇవ్వడం మరిచింది స్నెజానా. ఫైలు అందకపోతే ప్రొసీజర్ ఎర్ర అక్షరాలతో గోల చేయాలి కదా? చేయదు. పైవాళ్ళ కంట ఎరుపు పడితే తిట్లు తినాలని, 'ఫైలు అందకపోతే ఆరు వందలే అనుకో, నోరు మూసుకో' అనే అర్థంతో అప్పట్లో తానే ఒక లైను రాసింది. ఆ ఆఫీసులో మనుషులకు నేర్పిన బుద్ధే యంత్రానికీ నేర్పింది.

పై అధికారి రుసీన్ తెర మీద అంతా చూసి, లేచి వెళ్ళి తలుపు మూశాడు.

"దిమో ఎలాగూ ఒప్పుకున్నాడు కదమ్మా. పోయినవాళ్ళు తిరిగొస్తారా? నీ కొంప నువ్వే ముంచుకుంటావా?"

"ఊళ్ళో కొంపలు నిజంగానే మునిగాయి బాబాయ్," అని కాగితాలు తీసుకుని బయటపడింది.

దిమోకూ పోయిన అక్క కొడుకు వెలిచ్కోకూ గేటు ఉమ్మడి. అక్కడి ఆచారం ప్రకారం దాని మీద అక్క ఫొటోతో మరణ ప్రకటన అంటించి ఉంది. కింద దుఃఖించేవాళ్ళ పేర్లలో దిమో పేరు లేదు. వెలిచ్కో వేయనివ్వలేదు.

"మీ అంకె ఫైల్లోనే ఉంది దిమో మామా. మా ప్రొసీజరే దాన్ని చదవలేదు," అంది స్నెజానా.

దిమో ఆ కాగితాలు అందుకుని తేదీ రెండుసార్లు చదివాడు. "అయితే నేను మర్చిపోలేదు," అంటూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపులో సంతోషం ఉంది. అది చూడటమే స్నెజానాకు మరీ కష్టమైంది. "ఒరేయ్ వెలిచ్కో! ఇలా రారా! ఈ అమ్మాయి చెప్పేది విను!"

ఆమె మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. వెలిచ్కో మామ వైపు చూడలేదు.

"ఆ నోరు మూసుకునే లైను రాసిందెవరు?"

"నేనే."

అతను గేటు బార్లా తీశాడు.

"లోపల మా నాన్న ఉన్నాడు. పద, ఆయనక్కూడా నువ్వే చెప్పు."