చుట్ట లేని సాయంకాలాలు

లాకు తలుపు ఇరుసుకి ఆముదపు మడ్డి పూస్తూ పూస్తూ, పూసిన చోటే మళ్ళీ పూస్తున్నానని దైవాధీనానికి ఆలస్యంగా తెలిసింది. చేతిలో గుడ్డపేలిక నల్లగా కారుతోంది. కింద బందరు కాలవ ఎర్రనీళ్ళతో ఒడ్లు ఒరుసుకుంటూ పారుతోంది. ఎండాకాలమంతా బీటలువారి పడున్న కాలవలోకి కృష్ణ నీళ్ళు వదిలి ఎన్నాళ్ళో కాలేదు. ఏటా ఈ నీళ్ళ కోసం కళ్ళు కాయలు కాచేలా చూసే మనిషి అతను. ఈ ఏడు మాత్రం నీళ్ళు వస్తుంటే గట్టు మీద నిలబడి చూశాడు గానీ, లోపల ఏమీ కదల్లేదు.

పొడుగ్గా, కాస్త వంగి, మోచేతుల దగ్గర మాసికలు వేసిన ఖాకీ చొక్కాలో ఉంటాడు దైవాధీనం. అరిచేతులు కాయలు కాచి చెక్కబారాయి. మీసం మధ్యలో పొగచూరిన పసుపురంగు ఇంకా పోలేదు. పామర్రు దిగువన ఈ లాకు మీద లస్కరుగా చేరినప్పుడు ఆ మీసం ఇంకా సరిగా రానేలేదు. బెజవాడ వైపు నుంచి పడవ వస్తే పై తలుపులు తీసి లోపలికి రానివ్వడం, తలుపులు మూసి చక్రం తిప్పి నీళ్ళు దిగువకి వదలడం, నీళ్ళతోపాటు పడవా దిగాక కింది తలుపులు తీయడం. బందరు నుంచి వచ్చే పడవకి ఇదే పని తిరగేసి. బతుకంతా ఇదే.

నీళ్ళు దిగేటంతసేపూ, ఎక్కేటంతసేపూ చేసే పనేమీ ఉండదు. ఆ ఖాళీలో ఒక చుట్ట కాల్చేవాడు. పడవవాళ్ళూ కాల్చేవాళ్ళు. ఒకరి చుట్ట నుంచి ఒకరు ముట్టించుకుని, ఏ ఊళ్ళో ఏం జరిగిందో చెప్పుకునేవాళ్ళు.

వేసవిలో అతని భార్య జ్ఞానమ్మకి ఆయాసం ముదిరింది. బందరు మిషన్ ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరమ్మ ఆమె వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు వింది. తర్వాత దైవాధీనం మీసం వంక చూసింది.

"ఇంట్లో చుట్టలు కాలుస్తావా?"

"కాలుస్తానండి."

"చుట్టేదెవరు?"

జ్ఞానమ్మ బళ్ళో పిల్లలాగా చెయ్యెత్తింది.

రెండూ మానాలంది డాక్టరమ్మ. ఆ ఒంటిగది ఇంట్లో పొగా పనికిరాదు, పొగాకు దుమ్మూ పనికిరాదు. దైవాధీనం ఇంటికి వస్తూనే చూరుకి వేలాడే పొగాకు కట్టలన్నీ విప్పి, గొడ్లు కాసే పోలయ్యకి ఇచ్చేశాడు. అందరూ మెచ్చుకున్నారు. ఆనందరావు పాస్టరుగారు ఆదివారం గుడిలో అతని పేరెత్తి మరీ చెప్పారు.

మొదట్లో తలపోటు, చేతుల వణుకు, ఊరికే చిరాకు. కొన్నాళ్ళకి ఒళ్ళు ఊరుకుంది. జ్ఞానమ్మ కూడా రాత్రిళ్ళు గోడకి ఆనుకుని కూర్చోకుండా పడుకోగలుగుతోంది. ఇక అంతా బాగున్నట్టే అనుకుంటుండగా అసలు దిగులు మొదలైంది. పొద్దున్న టీ తాగాక ఒకసారి, లాకులో నీళ్ళు దిగేటప్పుడు ఒకసారి, పొద్దుగూకే వేళ మరీనూ. గుండెల్లో ఎవరో దీపం ఊదేసి వెళ్ళినట్టుండేది. మొన్నొక రోజు లాకు తలుపు తెరిచే పొడుగాటి దూలాన్ని తోస్తూ తోస్తూ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయని చూసుకుని, పడవవాళ్ళకి కనపడకుండా మొహం భుజానికి తుడుచుకున్నాడు. పాస్టరుగారితో చెబితే ప్రార్థన చెయ్యమన్నారు. చేశాడు. ఆమెన్ అన్నాక చెయ్యి దానంతటదే చొక్కా జేబు తడుముకుంది.

ఈ పొద్దున జ్ఞానమ్మ చద్దన్నంలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టింది. రెండు ముద్దలు తిని కంచం తోసేశాడు.

"ఉప్పెక్కువైందా?" అంది.

"ఏమీ ఎక్కువవలేదు. ఊరికే నా మొహం చూడమాకు, అంతే."

ఆమె కంచం తీసుకుని లోపలికి వెళ్ళింది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని అతనే ఆశ్చర్యపోయాడు. వెనకాలే వెళ్ళి ఏదైనా అనాలనుకున్నాడు. ఏమనాలో తెలియక ఇరుసుకి మడ్డి పూయడానికి వచ్చాడు.

ఇదివరకైతే మాటలు వెతుక్కోవాల్సిన పని ఉండేది కాదు. జ్ఞానమ్మది దివిసీమలో ఒక లంక ఊరు. వాళ్ళమ్మ లంకపొగాకు చుట్టలు చుట్టడంలో పేరు పడింది. పెళ్ళయి కాపురానికి వచ్చిన కొత్తలో, చీర కుచ్చెళ్ళు దోపుకుని లాకు తలుపు దూలం మీద కూర్చుని, తడిపిన ఆకు తొడ మీద పరిచి చుడుతుంటే, దైవాధీనం పక్కన కూర్చుని ఆకుల ఈనెలు తీసి ఇచ్చేవాడు. ఆమె చుట్ట కొస నాలుకతో తడిపి అంటించి, సరిగా వచ్చిందో లేదో కాలవ వెలుతుర్లో చూసుకుని అతనికిచ్చేది. రోజూ సాయంకాలం అదే పని. ఆ పని మీదే వాళ్ళ మాటలన్నీ నడిచేవి. తొలిచూలు మగపిల్లాడు జ్వరంతో పోయిన ఏడు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేక ఒకే ఇంట్లో చెరో మూలా బతికారు. ఒకనాటి సాయంత్రం జ్ఞానమ్మ వచ్చి దూలం మీద కూర్చుని ఆకు పరుచుకుంది. అతను వెళ్ళి ఈనెలు తీశాడు. చుట్ట చేతిలో పెడుతూ, "వాడికి నీ చెవులే వచ్చాయి" అంది. అప్పుడు ఏడ్చారు ఇద్దరూ. ఆ తర్వాత మళ్ళీ మాట్లాడుకోగలిగారు.

ఇప్పుడు సాయంకాలం అయితే ఆమె లోపల ఏదో సర్దుతూ ఉంటుంది. అతను గట్టు మీద తిరుగుతూ ఉంటాడు.

మడ్డి గుడ్డ పారేసి దైవాధీనం వంతెన వైపు నడిచాడు. ఎందుకు వెళుతున్నాడో తనకి తాను చెప్పుకోలేదు. వంతెన మొగలో మహాలక్ష్మమ్మ కొట్టు. ఆమె అతన్ని చూసి, అడగకుండానే, పాత అలవాటు కొద్దీ చుట్టల డబ్బా మూత తీసి ఒకటి పట్టుకుని చెయ్యి చాపింది. ఆకు వాసన తగిలింది. అతని చెయ్యి లేచింది.

"లాకో...య్! దైవాధీనం బావో...య్!"

కాలవ మీద నుంచి కేక. ఆ గొంతు అతనికి తెలుసు. చెయ్యి దించేసి గట్టు వెంట గబగబా వెనక్కి నడిచాడు.

నాంచారయ్య పడవ. బందరు అవతల సముద్రపొడ్డు ఊరు అతనిది. ఉప్పూ ఎండుచేపలూ బెజవాడకి వేసుకెళ్ళి, వచ్చేటప్పుడు కుండలో, కలపో, ఏది దొరికితే అది తెచ్చేవాడు. ఎండాకాలం కాలవలు కట్టేసినప్పుడు పడవ ఎగువనే నిలిచిపోయింది. ఇవాళ ఖాళీగా వస్తోంది. చుక్కాని దగ్గర అతని బావమరిది కోటయ్య కూర్చున్నాడు. నాంచారయ్య గట్టు మీదికి దూకి దైవాధీనం భుజం మీద చెయ్యేశాడు. నల్లగా, గట్టిగా, ఉప్పుగాలికి ఎండిన చెక్కలాగా ఉండే మనిషి ఈసారి చిక్కిపోయి ఉన్నాడు.

"రా, ముందు ఒకటి ముట్టిద్దాం" అని మొలలోంచి చుట్టలు తీశాడు.

"మానేశాను నాంచారయ్యా."

"ఎవరూ, నువ్వే?" అని నవ్వబోయి, దైవాధీనం మొహం చూసి ఆగిపోయాడు. జ్ఞానమ్మ ఆయాసం సంగతంతా విన్నాడు. చేతిలో చుట్టలు మళ్ళీ మొలలో దోపుకున్నాడు. "మరి ఎట్టా ఉంటన్నావు బావా?" అన్నాడు.

మంచిపని చేశావన్నవాళ్ళే గానీ ఎట్టా ఉన్నావని అడిగినవాళ్ళు లేరు. దైవాధీనం దూలం మీద చతికిలబడ్డాడు.

"ఒంట్లో ఏమీ లేదు. ఇంట్లోంచి ఎవరో వెళ్ళిపోయినట్టుంటది. ఎవరో తెలవదు. పొద్దున జ్ఞానమ్మని కసిరాను. ఆవిడ కోసం మానేసి, ఆవిడనే కసిరాను చూడు."

నాంచారయ్య పక్కన కూర్చున్నాడు. కాలవ వంక చూస్తూ అన్నాడు.

"పడవ అమ్మేశాను బావా. సరుకంతా లారీలకి ఎక్కుతుంటే ఈ ఖాళీ పడవ ఎందుకు? బందరులో అప్పజెప్పాలి. ఇదే ఆఖరు రావడం. నిన్న రేవులో పడవ మీద పక్కేసుకుంటే నిద్ర రాలేదు. కింద నీళ్ళు కదలకుండా ఇంట్లో ఎట్టా పడుకోవాలా అని ఒకటే గుబులు. నీదీ నాదీ ఒకటే జబ్బు."

అప్పటికి జ్ఞానమ్మ మజ్జిగ చెంబుతో వచ్చింది. ఆఖరు రావడం అన్న మాట ఆమె చెవిన పడింది. చెంబు అందిస్తూ నాంచారయ్య మొలలో లావుగా ఉబ్బిన చుట్ట ఒకటి చూసింది.

"అదేం చుట్టరా తమ్ముడూ, రోకలిబండలాగా?"

"నువ్వు చుట్టిందైతే ఇట్టా ఎందుకుంటది అక్కా. ఆకు ఉంది, చుట్టే చెయ్యే లేదు."

"తీసుకురా."

"వద్దు" అన్నాడు దైవాధీనం. "డాక్టరమ్మ చెప్పింది మర్చిపోయావా?"

"చుట్టవద్దంది ఇంట్లో. ఇక్కడ ఇంత గాలుంది. ఆకు బాగా తడుపుతాను, దుమ్ము లేవదు. ఈ ఒక్కసారికి అడ్డం రామాకయ్యా."

కోటయ్య పడవలోంచి ఆకు కట్ట తెచ్చాడు. జ్ఞానమ్మ కొంగు ముక్కుకి అడ్డం కట్టుకుని దూలం మీద కూర్చుంది. కాలవలో ఆకు ముంచి తొడ మీద పరిచింది. మొదటి ఆకు కాస్త వంకరపోయింది. రెండోదానికి వేళ్ళు తమ పని గుర్తు తెచ్చుకున్నాయి. దైవాధీనం చూస్తూ నిలబడ్డాడు. ఎప్పుడు కూర్చున్నాడో, ఎప్పుడు ఆకు చేతిలోకి తీసుకున్నాడో తెలియదు. ఈనె పట్టుకుని లాగితే అది పాతరోజుల్లోలాగే కొస దాకా చీలకుండా వచ్చింది. ఆమెకి అందించాడు. ఆమె తీసుకుంది.

వాసన గుప్పున కొట్టింది. కాల్చాలని అనిపించలేదని కాదు. అనిపించింది. కానీ ఇన్నాళ్ళూ దేనికోసం లోపల అంత ఖాళీ అయిందో, ఆమె మోచెయ్యి అతని మోచేతికి తగులుతుంటే కొంచెం అర్థమైంది.

"పొద్దున..." అన్నాడు.

"తెలుసులే" అంది కొంగు చాటు నుంచి. "నాకు మాత్రం తోస్తుందా? సాయంత్రమైతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, సర్దిన గిన్నెలే సర్దుతున్నా."

దైవాధీనం ఆమె వైపు తిరిగి చూశాడు. ఆ గిన్నెల చప్పుడు రోజూ వింటూ, తనమీద కోపమనుకున్నాడు.

కట్టంతా అయిపోయింది. నాంచారయ్య చుట్టలన్నీ తడిగుడ్డలో మూటగట్టుకున్నాడు. ఒకటైనా ముట్టించలేదు. "లాకు దాటాక కాలుస్తాలే అక్కా" అన్నాడు.

పడవ లోపలికి వచ్చింది. పై తలుపులు మూసి దైవాధీనం చక్రం తిప్పాడు. నీళ్ళు దిగడం మొదలైంది. పడవ గోడకి కొట్టుకోకుండా నాంచారయ్య వెదురు గెడ పైకి చాపితే, దైవాధీనం గట్టు మీద నుంచి దాని రెండో కొస పట్టుకున్నాడు. ఎదురెదురుగా ఉన్న మొహాలు మెల్లిమెల్లిగా దూరమయ్యాయి. ముందు నాంచారయ్య తల అతని నడుము దగ్గరికి దిగింది, తర్వాత పాదాల దగ్గరికి, తర్వాత నాచుపట్టిన గోడల మధ్య నీడలోకి. కోటయ్య పైకెక్కి కింది తలుపులు తీసి, మళ్ళీ దిగి చుక్కాని పట్టుకున్నాడు. నీటివాలుకి పడవ కదిలింది. నాంచారయ్య తన వైపు కొస వదిలేశాడు.

"గెడ, నాంచారయ్యా!"

"ఉంచు బావా. ఇంకోటి ఉందిలే."

వంపు తిరిగేదాకా సన్నని పొగ గీత ఒకటి పడవ మీద కనపడింది.

ఆ సాయంత్రం జ్ఞానమ్మ ఉత్త చేతులతో వచ్చి దూలం మీద కూర్చుంది. "ఏదన్నా చెప్పు" అంది. నాంచారయ్య చిక్కిపోయాడన్నాడు అతను. అక్కడ మొదలుపెట్టి దోమలు ముసిరేదాకా మాట్లాడుకున్నారు. దిగులు అంతటితో పోలేదు. పంట కోతలదాకా వస్తూనే ఉంది. వచ్చినప్పుడు మాత్రం కసరకుండా, "వచ్చిందే" అని గట్టు మీద నుంచి కేకేసేవాడు. ఆమె చేస్తున్న పని వదిలి వచ్చి పక్కన కూర్చునేది. చేతులకి పని ఉండాలని ఆమె వలతాడు పేనితే, అతను నారపోగులు విడదీసి ఇచ్చేవాడు.

క్రిస్మస్ ముందు బందరు నుంచి వచ్చిన పడవవాళ్ళు, నీళ్ళు ఎక్కేలోగా చెప్పుకునే ఊళ్ళ కబుర్లలో ఒకటిగా, నాంచారయ్య పోయాడని చెప్పారు. ఇంట్లోనే, పగటిపూట, మంచం మీద పడుకుని ఉండగా. దైవాధీనం తలూపి, చక్రం చివరిదాకా తిప్పి, పడవని ఎగువకి పంపించాడు. తర్వాత వెళ్ళి జ్ఞానమ్మకి చెప్పాడు.

లాకు ఇంటి గోడకి ఆనించిన వెదురు గెడ అక్కడే ఉంది, ఒక కొసన ఏళ్ళ తరబడి నాంచారయ్య భుజం ఆనిన చోట గోధుమరంగు తిరిగి నున్నగా మెరుస్తూ.